జేజికి ఇచ్చిన ఊరు

ఆదివారం వస్తే ఆదోనిలో బస్సెక్కి ఎమ్మిగనూరు పోతాను. అక్కడ మా చిన్నాయన ఇంట్లో మా జేజి, అంటే మా నాయన తల్లి, ఉంటుంది. పత్తి చేలు వెనక్కి జారుతుంటే నాకు మెలకువో మగతో తెలియదు. ఎక్కడో రాట్నం తిరుగుతున్నట్టే ఉంటుంది.

చిన్నప్పుడు ఆ ఇంట్లో మగ్గం ఆడేది. జేజి రాట్నం ముందు కూర్చుని కండెలకు దారం చుడుతూ పొడుపు కథలు వేసేది. "ఇల్లు దాటదు, దినమంతా తిరుగుతాది. కడుపు నిండా దారం, నోట్లో మాట లేదు. ఏంది సెప్పు?" మగ్గం మీద అటూ ఇటూ ఉరికే నాడె నా కళ్ల ముందే ఉండేది. అయినా తోచేది కాదు. విప్పలేకపోతే ఒక ఊరు ఇచ్చుకోవాలి, మా ఇంట్లో ఆట పద్ధతి అది. ఊరు పుచ్చుకున్నవాళ్లు జవాబు చెప్పి తీరాలి. నేను ఆదోని ఇచ్చేశాను, మాధవరం ఇచ్చేశాను. ఉరుకుంద ఇస్తానంటే మాత్రం జేజి ఒప్పుకోలేదు. "దేవుని ఊరు నువ్వెట్లిస్తావే?" అని కసిరింది. మావి కాని ఊళ్లకు ఎంత బేరమో మాకు!

పొడుపు కథ తెలివిని పరీక్షిస్తుందంటారు. నాకట్లా అనిపించదు. రోజూ చూసేదాన్నే కాసేపు కొత్తదాన్ని చేసి, మళ్లీ మన చేతిలో పెడుతుంది. అట్లా పెట్టించుకోవడం కోసమే నేను ఓడిపోయేదాన్నేమో.

ఇప్పుడు జేజికి మతిమరుపు. చిన్నాయన పేరు మిగిలింది, నా పేరు పోయింది. వెళ్లిన ప్రతిసారీ చెప్తాను, తలూపుతుంది, అంతే. ఒక్కసారి తనంతట తానే గుర్తుపట్టి పిలిస్తే చాలని నా ఆశ. ఉక్రోషం కూడా వస్తుంది. చంకనేసుకుని పెంచింది నన్నే కదా!

మొన్న మధ్యాహ్నం వసారాలో కూర్చోబెట్టి తల దువ్వుతున్నాను. జేజి కళ్లు మూసుకుని, వెనకటి గొంతుతో అడిగింది.

"అప్పుడప్పుడూ వస్తాది. నా తల దువ్వుతాది. దాని సెయ్యి నాకు తెలుసు, మొగం తెలీదు. ఎవురు సెప్పు?"

దువ్వెన ఆగిపోయింది. ఆటకు అడిగిందో, నిజంగా తెలియకే అడిగిందో. "నేనే జేజీ" అని నోటిదాకా వచ్చింది. చెప్తే మళ్లీ తలూపుతుంది. ఓడిపోతే తనే చెప్పాలి.

"తెలీలేదు జేజీ. ఎమ్మిగనూరు తీసుకో."

జేజి బోసినోటితో నవ్వింది. ఊరు పుచ్చుకున్నట్టు చెయ్యి చాపి గుప్పిట మూసింది.

"ఇంత మాత్రం తెలీలేదా? మా యమ్మ."

జేజి తల వెనక్కి వాల్చి నా మోకాలికి ఆనించింది. "జడ గట్టిగా అల్లుమా, ఊడిపోతాది" అంది.

గుప్పెడు తెల్లవెంట్రుకలు మూడు పాయలు తీశాను.

"అల్లుతాను. కదలద్దు బిడ్డా" అన్నాను.