రెండు వేడుల పెట్టె

బెంగళూరు నుంచి తమిళనాడు ధర్మపురిలోని అమ్మ ఇంటికి మారినప్పుడు నా పెంపుడు పాము, బాల్ పైథాన్ అనే చిన్నజాతి కొండచిలువ, కూడా వచ్చింది. దానికి విషం లేదని చెప్పీ చెప్పీ విసిగి మానేశాను. గాజు పెట్టెకు ఒక చివర కింద హీటింగ్ మ్యాట్ పెట్టాను. అక్కడి థర్మామీటర్‌లో ముప్పైరెండు డిగ్రీలు, రెండో చివరి దానిలో ఇరవైఆరు.

అమ్మ కన్ను పాము మీద కంటే థర్మామీటర్ల మీదే పడింది. ఆమె పట్టుపురుగులు పెంచుతుంది; వాటిని వదిలి ఒక్క రోజు కూడా ఎటూ కదలడానికి ఉండదు. పురుగుల గదిలో ఏ మూల చూసినా ఒకే వేడి ఉండాలి; చలికి కుంపటి, ఎండకు తడి గోనెలు.

"ఈ కొసన ఒక వేడి, ఆ కొసన ఒక వేడి. పెట్టె సరిగా లేదురా," అంది.

నేను బజారుకు వెళ్లి వచ్చేసరికి మ్యాట్‌ను నడుమకు జరిపి, పెట్టె చుట్టూ కంబళి కప్పేసింది. రెండు థర్మామీటర్లూ ముప్పైరెండే చూపిస్తున్నాయి. పాము నీళ్ల గిన్నెలో ముడుచుకుని ఉంది.

నాకు ఒళ్లు మండింది. "అది పురుగు కాదమ్మా. వేడి చాలనుకుంటే చల్లని పక్కకు పోతాది. ఆ పోయే చోటే నువ్వు మూసేసినావు."

అమ్మ కంబళి తీసింది. మ్యాట్‌ను మళ్లీ చివరకు జరిపాను. కాసేపటికి పాము గిన్నె దిగి చల్లని మూలకు పాకింది.

"దీనికైనా పోయేదానికి ఇంకో మూల ఉండాది," అని, అమ్మ మల్బరీ ఆకు గంప ఎత్తుకుని పురుగుల గదిలోకి వెళ్లింది.