బర్మామైన్స్ వీధిలో నా కాళ్ళు కడిగారు

ఇనుము కరిగించే ఊళ్ళో పొగ తప్ప ఏముంటుందని మా తోటికోడలు మూతి విరిచింది. ఆ విరుపు చూశాకే జంషెడ్‌పూర్‌కి టిక్కెట్ తీశాను. వద్దన్న పని చేసేదాకా నాకు నిద్ర పట్టదు మరి. విజయనగరంలో సాయంత్రం రైలెక్కి మర్నాడు పొద్దున్న ఆ ఊరి స్టేషన్ టాటానగర్‌లో దిగాను. స్టేషన్ బయట సాక్చికి షేర్ ఆటోలుంటాయి, ముప్పై రూపాయలు తీసుకున్నాడు. ఒక్కరే ఎక్కితే నోటికొచ్చినంత అడుగుతారు, బేరమాడండి.

సాక్చి బజారులో ఒకే వరసలో సత్తుపిండి కూరిన గోధుమ ఉండలు, అవే లిట్టీలు, బొగ్గుల మీద కాల్చే బిహారీ, రసగుల్లాల బెంగాలీ, లస్సీ చిలికే పంజాబీ. నేతిలో ముంచిన లిట్టీలు రెండు తిని జూబిలీ పార్కుకి వెళ్ళాను. ఎక్కడ చూసినా చెట్లూ గులాబీలే. నేను వెతికినా పొగ కనబడలేదు. మధ్యాహ్నం డిమ్నా చెరువు చూద్దామనుకున్నాను గానీ ముందు అన్నం కావాలనిపించింది. తెలుగు వంటయితే బర్మామైన్స్ పేటలో దొరుకుతుందని ఆటో అతను హిందీలో చెప్పి, ఒక సందు మొదట్లో దింపేశాడు.

సందంతా ముగ్గులు, వేపమండలు. పెద్ద పెద్ద డప్పులు పక్కన పెట్టుకుని సంతాలీ గిరిజన వాయిద్యగాళ్ళు అరుగు మీద ఖాళీగా కూర్చున్నారు. పండగ కళ ఉంది, ముఖాల్లో మాత్రం లేదు. గుమ్మంలో నిలబడ్డ ఒక పెద్దావిడని ఇక్కడ హోటలెక్కడని అడిగాను. జవాబివ్వకుండా మాది ఏ ఊరని అడిగింది. విజయనగరం అన్నాను. గబగబా లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, నడివీధిలో నా కాళ్ళ మీద పోసింది. ఇంకొకామె వంగి కొంగుతో తుడిచింది. ఊరూ పేరూ తెలియనివాళ్ళు నా కాళ్ళు పట్టుకుంటే ఏమనుకోను? ఇంకెవరో అనుకుని పొరబడ్డారనుకున్నాను.

ఆమె పేరు నారాయణమ్మ. కాంట్రాక్టు క్యాంటీన్‌లో వంట చేస్తుంది. వాళ్ళ తాతలు మా వైపు నుంచి పనికొస్తూ అమ్మవారిని కూడా తెచ్చుకున్నారట. అందుకని విజయనగరం అమ్మవారికి పుట్టిల్లు. ఏటా అక్కణ్ణుంచి ఒకరొచ్చి, అమ్మవారిని నిలిపిన కుండకి, అదే ఘటానికి, పసుపు కుంకుమ పెడితేనే అది గడప దాటుతుంది. ఈసారి ఘటం నారాయణమ్మ ఇంట్లో ఉంది. రావలసిన పెద్దాయన జ్వరంతో దారిలోనే దిగిపోయాడు. ఊరేగింపుకి అనుమతి మూడింటి వరకే.

“పసుపు ఈ ఊరి జుగ్సలాయి కొట్లోదే తల్లీ. సెయ్యి మాత్రం పుట్టింటిదవ్వాల” అంది.

అప్పుడు చెప్పాను, నా భర్త పోయి నాలుగేళ్ళయిందని. మా అన్నయ్య కూతురి పెళ్ళిలో నేను వంటల దగ్గరే నిలబడ్డాను. మండపం దగ్గరికి రావద్దని ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరం రానివ్వలేదు నేను. ఆ మాట కూడా చెప్పేశాను. రైల్వేలో పనిచేసే నారాయణమ్మ మరిది మెల్లగా అన్నాడు.

“ఆలోసించు వదినా. ఈ ఏడు ఏ ఇంట జ్వరమొచ్చినా నీ పేరే సెప్తారు.”

అతను చెడ్డగా అనలేదు, జరిగేదే చెప్పాడు. నారాయణమ్మ మనవరాలు హిందీలో టైము రెండు దాటిందని గుర్తు చేసింది. నేను సంచీ భుజాన వేసుకున్నాను. నారాయణమ్మ నా చెయ్యి పట్టుకుని మరిది వైపు తిరిగింది.

“మొగుడు పోతే అత్తోరింట్లో వరస మారతాదేమో గానీ, పుట్టింట్లో మారతాదేటి? మా తల్లిని సూడ్డానికి ఆవిడ పుట్టింటి పిల్ల వచ్చింది. గుమ్మంలోంచి పంపీమంటావా?”

మరిది లోపలికి వెళ్ళాడు. తర్వాత తనే పసుపు పళ్ళెం తెచ్చి నాకందించాడు. నేను తీసిన పసుపులో సగం నేల మీదే పడింది. కుంకుమ పెడుతుంటే ఏడుపు ఆగలేదు. ఘటం గడప దాటగానే వీధి అదిరేలా డప్పులు మోగాయి. నారాయణమ్మ ఇంట్లో పులిహోర తినేసరికి నాలుగయింది. చెరువు చూడనే లేదు.

తిరుగు రైల్లో కూడా నాకా అదురు తగ్గలేదు. పదమూడు, పద్నాలుగు గంటల ప్రయాణం అవతల, ఎప్పుడూ చూడని మనుషులు నన్ను పుట్టింటి పిల్ల అన్నారు. నాకు సంతోషంగా ఉంది, మా వాళ్ళ మీద కోపంగానూ ఉంది. రెండూ దాచను. వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: అమ్మవారి పండగ రోజుల్లో వెళితే బర్మామైన్స్‌కి సగం రోజు వదిలిపెట్టుకోండి. ఏ ఊరని అడిగితే ఊరి పేరు చెప్పండి, చాలు. మిగతావన్నీ అడిగేవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు.