నడి ఏట్లో నిలిపిన జీపు

మా అత్తకు నీళ్ళంటే భయం లేదు. ఆమె పడని భయమంతా ఆ ఇంట్లో నేనొక్కదాన్నే పడుతుంటాను.

భయం నాకు పుట్టింటివాళ్ళు పెట్టిన సారె. మాది సూలూరు దగ్గర. మా నాయన కొండ మీద తేయాకు తోటలో జీపు నడిపేవాడు. వానాకాలంలో వాగులు దాటి కూలీల ఇళ్ళకు బియ్యం, మందులు చేర్చడం ఆయన పని. నాకు బండి నేర్పింది ఆయనే. నేర్పినంతసేపూ తిట్టాడు. “అమ్మిణీ, నీళ్ళల్లో దిగకముందు ఎంతసేపైనా నిలువు. దిగినాక మట్టుకు బండి నిలపగూడదు” అని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చక్రం ఆగితే దాని కింది ఇసుకను ఏరు తోడేస్తుందట. ఏటికి తన మీద ఏదో పాత పగ ఉన్నట్టు చెప్పేవాడు.

మెట్టినింటి ఆచారం సరిగ్గా దీనికి ఎదురు. మదురై దగ్గరి వాడిపట్టి పక్కన మా అత్తవాళ్ళది వ్యవసాయం. వాళ్ళ కులదేవత గుడి కొండ అడుగున, ఒక ఏటికి అవతల ఉంది. ఏటా తమిళుల ఐప్పసి నెలలో, అంటే బాగా వానలు పడే కాలంలోనే, ఒక శుక్రవారం అక్కడికి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు బండిని నడి ఏట్లో నిలిపి, కిందికి దిగకుండా వంగి ఇత్తడి చెంబు ముంచాలి. ఆ నీళ్ళతోనే అమ్మవారికి స్నానం. గట్టు దగ్గర పట్టిన నీళ్ళు పనికిరావు. ఎద్దుల బండ్ల కాలం నుంచీ ఇంతేనట. ఎందుకని కొత్త కోడలిగా ఒకసారి అడిగాను. “మనోళ్ళు చేసినారు, మనం చేస్తా ఉండాం” అంది అత్త. అదీ జవాబు!

ఇన్నేళ్ళూ దానితో పేచీ రాలేదు. ఏట్లో చీలమండల దాకా నీళ్ళుంటే గొప్ప. నేను జీపు నిలిపేదాన్ని, అత్త వెనక తలుపు తీసి చెంబు ముంచేది. ఒక ఏడైతే చెంబు మునగక గరిటెతో తోడి నింపింది. నాయన మాట గుర్తొచ్చి కాస్త గుబులు పడినా, అరిపాదం తడిసేపాటి నీళ్ళకు ఏం భయమని నన్ను చూసి నేనే నవ్వుకునేదాన్ని.

పోయినేడాది సంగతి వేరు. ఆ ఎండాకాలంలో నా మొగుడికి మదురైలో గుండె ఆపరేషన్ అయింది. బరువులు ఎత్తకూడదు, ఆయాసం వచ్చే పని చేయకూడదు అన్నారు డాక్టర్లు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ అత్త ఆసుపత్రి వరండాలో కొంగు ముడి వేసుకుని మొక్కింది. కొడుకు లేచి తిరిగితే వాణ్ణి వెంటబెట్టుకొచ్చి, నడి ఏటి నీళ్ళు వాడి చేత్తోనే అమ్మవారికి పోయిస్తానని. పక్కనే నిలబడి నేనూ దండం పెట్టాను. ఆ రోజు ఎవరు ఏం మొక్కమన్నా మొక్కేదాన్ని.

ఐప్పసి వచ్చింది. వారం రోజులు వాన విడవలేదు. శుక్రవారం తెల్లారేసరికి తెరిపి ఇచ్చింది. అత్త అప్పటికే తల స్నానం చేసి, చెంబుకు పసుపు రాసి, జీపులో ఎక్కి కూర్చుంది. మాది పాత జీపు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది. వెనక ఎదురెదురుగా రెండు సీట్లు, చివర ఒక తలుపు. తల్లీకొడుకులు వెనక ఎదురెదురుగా కూర్చున్నారు. నేను ముందు, ఒంటరిగా.

ఏరు చేరేసరికి పది దాటింది. నీళ్ళు టీ రంగులో, చప్పుడు లేకుండా పోతున్నాయి. చప్పుడు చేసే నీళ్ళకంటే నాకు ఇవే ఎక్కువ భయం. నేను నడవలేని నీళ్ళలోకి బండిని దించకూడదన్నది నాయన రెండో మాట. చుడీదార్ పైకి మడుచుకుని, కర్ర పట్టుకుని దిగాను. అడుగున గులకరాళ్ళు, నడుమ మెత్తటి ఇసుక. అక్కడ నీళ్ళు మోకాలు దాటి జానెడు పైకి వచ్చాయి. కాలు ఎత్తినప్పుడల్లా పక్కకు లాగుతున్నాయి. తిరిగి వచ్చి నీళ్ళ అంచున ఒక తెల్లరాయి పెట్టి పావుగంట చూశాను. రాయి సగం మునిగింది.

“అత్తా, ఏరు పెరుగుతా ఉండాది. రేపో ఎల్లుండో వద్దాం” అన్నాను.

“ఆ రాయి ఏం చెప్తాదే? సామి పిలస్తా ఉంటే రాయి అడ్డమా? శుక్రవారం దాటితే నా మొక్కు పోయినట్టే” అంది అత్త. అని కొడుకు వైపు చూసింది.

“ఇంత దూరం వచ్చినాం, మెల్లగా పోదాం” అన్నాడు ఆయన. తల్లీకొడుకులు ఒకటైతే ఆ ఇంట్లో ఏరైనా దారి ఇవ్వాల్సిందే. నాకు ఒళ్ళు మండింది. అయినా మొక్కు ఆయన ప్రాణం కోసం. నేను అడ్డుపడ్డాక ఆయనకు రేపు ఏదైనా అయితే? ఆ భయం ముందు ఏటి భయం చిన్నదైపోయింది.

“సరే. కానీ నడుమ నిలపను. చెంబు అవతలి గట్టు దగ్గర ముంచుకోండి” అన్నాను. అత్త ఏమీ అనలేదు. దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను, ఆమెతో పద్నాలుగేళ్ళు కాపురం చేసి కూడా!

నాయన నేర్పినవన్నీ చేశాను. ఇంజను కాస్త చల్లారనిచ్చాను. జీపు ముందు భాగానికి టార్పాలిన్ అడ్డం కట్టాను, నీళ్ళు నేరుగా ఇంజను మీద పడకుండా. అద్దాలు దించాను. బండి మునిగితే బయటపడాలి కదా అని బెల్టు విప్పాను. నాలుగు చక్రాల లివర్ వేసి, తక్కువ వేగం గేరులో దిగాను. ముందు బంపర్ దగ్గర చిన్న అల లేచింది. ఆ అలను వదలకుండా, దాని వెనకే, అదే వేగంతో వెళ్ళాలి. క్లచ్ తొక్కకూడదు, గేరు మార్చకూడదు. నీళ్ళు తలుపు అంచును తాకుతున్నాయి. అవతలి గట్టు మీది తుమ్మచెట్టు మీదే కళ్ళు పెట్టుకున్నాను. సగం దాటాం.

“నిలుపు!” అంది అత్త.

నిలిపాను.

ఎందుకు నిలిపానని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఆ ఇంట్లో ఆమె నిలుపు అంటే పొయ్యి ఆగుతుంది, మిక్సీ ఆగుతుంది, నా నోరు ఆగుతుంది. నా కాళ్ళకు ఆ మాట అలవాటైపోయింది. నేను ఆలోచించేలోగా అవి క్లచ్, బ్రేకు తొక్కేశాయి.

ముందున్న అల తిరిగి వచ్చి ఇంజను మీద పడింది. ఫ్యాను నీళ్ళను కొట్టిన చప్పుడు విన్నాను. వెనక అత్త తలుపు తీసి, నిమ్మళంగా వంగి చెంబు ముంచింది. “ఇంక పో” అంది.

క్లచ్ వదిలాను. చక్రాలు తిరిగాయి, బండి కదలలేదు. ఎడమవైపు మెల్లగా కిందికి దిగింది. కాళ్ళ కిందికి చల్లగా నీళ్ళు వచ్చాయి. ఏటి పై నుంచి ఎండు కొమ్మలు, ఆకులు గుంపుగా రావడం మొదలైంది. అలా వస్తే వెనకే వరద ఉంటుందని నాయన చెప్పాడు.

“నేను దిగి తోస్తా” అని ఆయన లేచాడు.

“దిగొద్దు! మీరు దిగితే నేను కూడా బండి వదిలేసి దిగిపోతా!” అని అరిచాను. అప్పటికే ఆయన ఒక కాలు నీళ్ళలో పెట్టేశాడు. ప్రవాహానికి ఆ కాలు కొట్టుకుపోయి, తలుపు పట్టుకుని వేలాడాడు. వెనక చూసే అద్దంలో నాకు ఆయన ముఖం కనబడింది. పాలిపోయి ఉంది.

అప్పుడు అత్త చెంబు వదిలేసింది. రెండు చేతులతో కొడుకు చొక్కా పట్టుకుని, ఎక్కడిదో ఆ బలం, లోపలికి లాగి పడేసింది. మొక్కు నీళ్ళన్నీ జీపులో ఒలికిపోయాయి. “వెనక్కి తీసుకో, పాపా, వెనక్కి!” అంది. నన్ను పాపా అనడం అదే మొదటిసారి.

ఇంజను ఆగకుండా యాక్సిలరేటర్ మీద కాలు నొక్కే ఉంచాను. ఆగితే పొగగొట్టంలోకి నీళ్ళు పోతాయి, అంతటితో సరి. ఇద్దరినీ వెనక చక్రాల మీదికి జరిగి కూర్చోమన్నాను. కాస్త ముందుకు, కాస్త వెనక్కి, మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి ఊపాను. నాలుగోసారికి చక్రాలకు ఏదో గట్టిది దొరికింది. వచ్చిన దారినే, మెడ తిప్పి చూస్తూ, వెనక్కి నడిపి గట్టెక్కించాను. తిరిగి చూస్తే నేను పెట్టిన తెల్లరాయి ఎక్కడా లేదు. కాసేపటికి తుమ్మచెట్టు మొదలు కూడా మునిగింది.

ఆయన గట్టు మీద కూర్చుని ఎగశ్వాస తీస్తున్నాడు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. “నొప్పిగా ఉండాదా?” అని అడిగాను. “ఒణ్ణుమిల్ల, నాకేం కాలా” అన్నాడు. అబద్ధం చెప్పాల్సి వస్తే ఆయన అరవంలోకి దిగుతాడు. మాత్ర ఇచ్చి, వీపు నిమురుతూ కూర్చున్నాను. పావుగంటకు గానీ ఊపిరి నిదానించలేదు.

అత్త ఏటినే చూస్తోంది. ఎవరూ అడక్కుండానే చెప్పింది.

“మా మామ ఎద్దుల్ని నడుమ నిలుపుతా ఉండె. అవి తల వంచి నీళ్ళు తాగితే ముందుకు పోయేది. చెవులు నిక్కబెట్టి తాగకుంటే పైన వాన పడతా ఉండాదని వెనక్కి తిప్పేసేది. అట్లా ఎన్నిసార్లు తిప్పినాడో. అవి తాగేదాకా సుమ్మా, ఊరికే ఉండేది ఎందుకని మా అత్త చెంబు ముంచుకుంటా ఉండె.”

“ఇది ముందే చెప్పొచ్చు గదా అత్తా?”

“నాకూ ఇప్పుడే తోచిందే.” “వీడు బతకాలని మొక్కినా. వీణ్ణే తెచ్చి ఏట్లో నిలబెట్టినా.”

ఆమెను అనాలని నోటిదాకా వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. కానీ బ్రేకు తొక్కిన కాలు నాదే.

తిరిగి బయలుదేరాం. తడిసిన బ్రేకులు ఆరాలని మధ్యమధ్య మెల్లగా తొక్కుతూ నడిపాను. మదురై ఆసుపత్రికి పోదామన్నాను, ఎవరూ కాదనలేదు. అద్దంలో చూస్తే అత్త కొడుకు పక్కకు వచ్చి కూర్చుని, నర్సులా ఆయన మణికట్టు పట్టుకుని ఉంది. ఖాళీ చెంబు కింద అటూ ఇటూ దొర్లుతోంది.

పెద్దరోడ్డు ఎక్కేముందు ఒకచోట కాలువ దారి మీదుగా పారుతోంది. పొద్దున చీలమండలదాకా కూడా లేదు. ముందే నిలిపి, దిగి, చివరిదాకా నడిచి చూశాను. జానెడు నీళ్ళు, అడుగున సిమెంటు. ఎక్కి బండి దించాను. సరిగ్గా నడుమకు వచ్చేసరికి చెంబు దొర్లి సీటు కాలుకు తగిలి ఠంగున మోగింది. ఆ చప్పుడుకు నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది.

“నిలపొద్దే” అంది అత్త, కొడుకు చెయ్యి వదలకుండా. “పో.”