పది నిమిషాలు ముందున్న గడియారం

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది, డైరీలో కూడా సగమే రాసుకున్నాను: మహబూబాబాద్‌లో నేను పనిచేసిన ప్రైవేటు దవాఖానలో, గేటు దగ్గరి వేలిముద్రల హాజరు యంత్రంలో టైమును పది నిమిషాలు ముందుకు జరిపింది నేనే.

ఈ ఉదయం భూపాలపల్లిలో నేను కొత్తగా అద్దెకు దిగిన ఇంటి అవ్వ గోడ గడియారం చూపించి, "పది నిమిషాలు ముందటికి పెట్టిన బిడ్డా, తీసేసి సూస్కో" అంది. జనగామలో మా ఇంట్లోనూ అంతే. అమ్మ అలాగే తిప్పి పెట్టేది, ఇంటిల్లిపాదీ ఆ పదీ మనసులోనే తీసేసుకుని తాపీగా బస్సుకు బయలుదేరేవాళ్లం. అవ్వతో పాటు నవ్వాను గానీ నా మనసు ఆ దవాఖానకు వెళ్లిపోయింది.

అది నా మొదటి ఉద్యోగం. కంప్యూటర్ గదిలో ఒక నల్లటి డబ్బా ఉండేది. మేడ మీది ఏంటెనాతో ఉపగ్రహాల నుంచి సమయం అందుకుని వార్డుల గడియారాలకూ, ల్యాబ్ యంత్రాలకూ, కెమెరాలకూ, గేటు యంత్రానికీ పంచేది. సూది ఎప్పుడు వేశారో, బిడ్డ ఎన్ని గంటలకు పుట్టిందో అన్నిచోట్లా ఒకే మాట ఉండాలని ఆ ఏర్పాటు. దాన్ని మాస్టర్ క్లాక్ అంటారని చెబితే, కొత్తగూడ నుంచి రోజూ బస్సులో వచ్చి ఆయాగా చేసే అక్క తుడిచే గుడ్డ ఆపి, "అంటే సర్పంచన్నట్టు. గీయన చెప్తేనే పొద్దు పొడుస్తదా?" అంది. అప్పటి నుంచి దాని పేరు సర్పంచే. ఎవరితోనూ మాట్లాడని నేను మధ్యాహ్నాలు ఆ డబ్బా పక్కనే పుస్తకం పట్టుకు కూర్చుంటే, అక్క వచ్చి కథ చెప్పించుకునేది.

చేరిన వారానికే మేనేజర్ సారు పిలిచి, గేటు యంత్రాన్ని సర్పంచు నుంచి విడదీసి పది నిమిషాలు ముందుకు పెట్టమన్నారు. అందరూ జర ముందే వస్తారట. ఇంట్లో చూసిన అలవాటే కాబట్టి నాకు తప్పనిపించలేదు. మనుషులు తీసేసుకుని చూస్తారు, యంత్రానికి తీసేసుకోవడం రాదని తట్టనే లేదు.

ఊళ్లో ఉండేవాళ్లు ఇంకాస్త ముందు రావడం నేర్చుకున్నారు. అక్కకు మాత్రం అంతకంటే ముందు బస్సు లేదు. ఎనిమిదింటి డ్యూటీకి ఏడూ యాభై అయిదుకే వచ్చినా, యంత్రం ఎనిమిదీ అయిదని రాసేది. నెల తిరిగేసరికి, రోజూ ఆలస్యమవుతున్నందుకు అక్కను పనిలోంచి తీసేస్తున్నామన్న కాగితం టైపు చేయమని సారు నాకే ఇచ్చారు.

నేను టైపు చేయలేదు. గేటు కెమెరాలో అక్క వేలు పెడుతున్న బొమ్మలు, వాటి మీద సర్పంచు ఇచ్చిన సమయంతో సహా, ఆయన బల్ల మీద పరిచాను.

"గీ పొల్లకు నోరున్నదా?" అని సారు వాచ్‌మన్ వైపు చూసి నవ్వారు.

"ఉన్నది సార్. అక్క టైముకే వచ్చింది. తప్పు మిషన్‌ది."

"కాగితం కొడ్తవా, నువ్వే పోతవా?"

"నేనే పోత. కాగితం మాత్రం కొట్ట."

మాట వెనక్కి తీసుకోలేదు. పోయే ముందు గేటు యంత్రాన్ని మళ్లీ సర్పంచుకు కలిపి, ఆ బొమ్మల నకళ్లు దవాఖాన నడిపే డాక్టరమ్మ చేతిలో పెట్టాను. అక్క పని నిలిచింది, నాది పోయింది. ఈనాటికీ పశ్చాత్తాపం లేదు. ఒక్కటే ముల్లు: తప్పు మిషన్‌ది అన్నాను గానీ, తిప్పిన చెయ్యి నాదని అనలేదు.

ఇప్పుడు అందరి ఫోన్లూ ఒకే సమయం చూపిస్తున్నాయి, ముందుకు తిప్పుకునే గడియారాలు ఈ అవ్వ ఇంట్లో లాగా ఎక్కడో ఒకటీ అరా మిగిలాయి. ఆ తీసేసి చూసుకునే ఇంటి తీరు మీద నాకు ఇంకా బెంగే. కానీ ఎక్కడ పనిలో చేరినా మొదటి రోజే అడుగుతాను, గేటు యంత్రానికి టైము ఎవరిస్తున్నారని. ఎవరు మొహం చిట్లించినా సరే.

నేను మహబూబాబాద్ విడిచిన రోజు అక్క బస్టాండు దాకా వచ్చింది. కాగితంలో చుట్టిన తునికి పండ్లు బస్సు కిటికీలోంచి నా ఒడిలో వేసి, చువ్వ పట్టుకుని అంది:

"ముందటికి తిప్పింది ఎవ్వరో నాకెర్కే చెల్లె. ఎనకకు తిప్పింది ఎవ్వరో గూడ ఎర్కే. ఇగ పైలంగ పో."