చేపలక్క హోమ్ టూర్

పరాయివాళ్ళ ఇళ్ళు చూడటమంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. పేరంటానికి తీసుకెళ్తే తాంబూలం వదిలేసి వాళ్ళ వంటింటి అలమరల వైపు చూస్తుండేదాన్ని. దీని చూపు కుదురుగా ఉండదని మా అమ్మ తల పట్టుకునేది. ఇప్పుడు ఆ చూపే నాకు కూడు పెడుతోంది. గుడివాడలో ఉంటూ, చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళకు వెళ్ళి, సింహద్వారం మొదలుకొని డాబా మీది నీళ్ళ ట్యాంకు దాకా వీడియో తీసి యూట్యూబ్‌లో పెడుతుంటాను. కొత్త ఇంటి గుమ్మం ముందు కెమెరా ఆన్ చేస్తుంటే ఈనాటికీ నా గుండె పెళ్ళి బ్యాండులా మోగుతుంది.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. నేను చూసినన్ని ఇళ్ళు చూస్తే ఆ సామెత చెప్పినాయన కూడా తికమకపడేవాడు. ముదినేపల్లిలో ఒకావిడ మాడ్యులర్ కిచెన్ పెట్టించుకుని, దానికి అంటుకొచ్చిన ప్లాస్టిక్ కాగితం కూడా తీయలేదు. వంటంతా వెనకాల రేకుల షెడ్డులోనే. వీడియో కోసం ఒక్క పొయ్యి వెలిగించమంటే, "మసి పడుద్దేమోనండీ" అంది. కాఫీ తాగుతారా అని అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు.

మా వీధికి బందరు నుంచి ఒకావిడ చేపలు తెస్తుంది. పొద్దున్నే రైలు దిగి, గంప నెత్తిన పెట్టుకుని వచ్చేస్తుంది. నేను అక్కా అంటాను. ఒకరోజు మా పెరటి మెట్టు దగ్గర కత్తిపీట వేసుకుని కానాగంతలు శుభ్రం చేస్తూ, తలెత్తకుండానే అంది.

"డాక్టరుగారింట్లో ఉయ్యాల బల్ల ఉందని మీ వీడియోలో చూసేదాకా నాకు తెలవదమ్మా. పెళ్ళయిన కొత్తలోంచి ఆళ్ళింటికి చేపలిస్తన్నాను. ఎప్పుడూ పెరట్లో కుళాయి దగ్గరే గదా నేను కూర్చునేది."

అందులో నిష్ఠూరమేమీ లేదు. సినిమా చూసొచ్చి కథ చెప్తున్నంత సంబరంగా చెప్పింది. తరవాత రైసు మిల్లు వాళ్ళ దేవుడి గది తలుపుల గురించి, లాయరుగారి బాత్రూములో తొట్టి గురించి. నా వీడియోలు ఒక్కటీ వదలకుండా చూసింది. ఆ ఇళ్ళలో సగం ఆవిడ చేపలు పోసే ఇళ్ళే. అప్పుడు కత్తిపీట మీద చేతులు ఆగాయి.

"మేము కూడా ఇల్లు కట్టుకున్నామమ్మా. స్లాబేశాం. మాది కూడా తియ్యండి. ఆళ్ళ ఇళ్ళు నేను చూశాను గదా, నా ఇల్లు ఆళ్ళు చూడాలి."

నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇంత మంచి ఆలోచన నాకే రానందుకు కాస్త ఉక్రోషం కూడా వచ్చింది. ఆ వారమే కెమెరా, స్టాండు సంచిలో వేసుకుని బందరు బస్సెక్కాను.

సముద్రపు పాయ ఒడ్డున వాళ్ళ వాడ. భర్త పడవేసుకుని చేపల వేటకు వెళ్ళాడట. ఆవిడ పట్టుచీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. లోపల అడుగుపెట్టి నేను నోరు తెరిచాను. రెండు గదుల ఇంట్లో సోఫా సెట్టు, పెద్ద టీవీ, రెండు తలుపుల ఫ్రిజ్, వాషింగ్ మెషీన్. నడవటానికి పక్కకి తిరగాల్సి వచ్చింది. ఆవిడ మాత్రం బెరుకు లేకుండా, "హాయ్ అండీ అందరికీ, ఇది మా హాలు" అని అచ్చం నాలాగే మొదలుపెట్టింది. నాకన్నా బాగా చెప్తోందని నాకు అసూయ పుట్టింది.

ఫ్రిజ్ దగ్గరికి వచ్చేసరికి ఒకమ్మాయి గబగబా లోపలికొచ్చి, కెమెరా ముందే తలుపు తీసి, గిన్నె ఒకటి తీసుకుంది. "ఏమనుకోబాకక్కా, పిల్లోడు పెరుగన్నానికి ఏడుస్తన్నాడు. ఫ్రిజ్ ఇచ్చేటప్పుడు గిన్నె తియ్యటం మర్చిపోయా."

ఆ వెంటనే అరుగు మీద కూర్చున్న పెద్దాయన లోపలికి తొంగిచూశాడు. "సోఫా మీద నీళ్ళు పొయ్యబాకండి. సాయంత్రం మా అల్లుడొస్తాడు."

నాకు నవ్వు ఆగలేదు. కెమెరా ఊగిపోయింది. తీరా చూస్తే ఆవిడ మొహం మాడిపోయి ఉంది.

సర్దిచెప్పబోయాను. గుడివాడలోనూ ఇదే తంతని, పూలకుండీలు అద్దెకు తెచ్చిన వాళ్ళున్నారని, తోడికోడలి కర్టెన్లు తగిలించుకున్న ఇల్లాలు కూడా ఉందని చెప్పాను.

"ఆళ్ళవి అరువు సామానని ఎవరనుకుంటారమ్మా? నావైతే చూడంగానే అనుకుంటారు," అంది. కాసేపు సోఫా అంచున కూర్చుంది. "ఉత్త గోడలు ఎట్టా చూపిచ్చను? ఇన్నాళ్ళకి ఆళ్ళు నా ఇంట్లోకి చూస్తారు."

నాకు బాధేసింది. తీయటం మానేద్దామా అని అడిగాను. ఆవిడ ఒక్క ఉదుటున లేచి బయటికి కేకేసింది.

"ఎవరి సామాన్లు ఆళ్ళు పట్టుకుపోండెహె. పైన పటారం, లోన లొటారం మనకెందుకు."

ఆ తరవాత జరిగింది చూడాలి. వాడంతా వచ్చేసింది. ఫ్రిజ్ నలుగురి భుజాల మీద ఊరేగింది. టీవీని ఒకావిడ చంటిబిడ్డలా గుండెకు హత్తుకుని పోయింది. సోఫాని గుమ్మంలో ఎటు తిప్పాలో తేలక పెద్దాయన అందరినీ తిట్టాడు. నేను అటూ ఇటూ పరిగెత్తుతూ అంతా తీశాను. అంత ఆనందంగా నేను ఏ ఇల్లూ తీయలేదు.

ఖాళీ అయ్యాక గోడలు కనపడ్డాయి. ముదురు నీలం, నిగనిగలాడుతూ.

"ఇది పడవకి వెయ్యంగా మిగిలిన రంగండి," అని ఆవిడ కెమెరాతో చెప్పింది. ఖాళీ గదిలో గొంతు ఖంగుమంది. "నేనూ ఆయనా కలిసే వేశాం. ఈ కిటికీ కావాలని ఇటే పెట్టించాను. పడవ పాయలోకి రాంగానే ఇక్కణ్ణుంచి కనపడుద్ది. అప్పుడు ఎసరు పెడతాను." పెట్టి చూపించింది కూడా. పొయ్యి వెలిగిన వంటిల్లు నా చానెల్లో అదే మొదటిది. ఆ అన్నంలో చందువా పులుసు పోసుకుని నేను రెండుసార్లు తిన్నాను.

వీడియో పెట్టాక నాకు కాలు నిలవలేదు. ఎవరెవరో ఎంతో మెచ్చుకుంటూ రాశారు. కానీ ఆవిడకు కావలసింది ఆ ఎవరెవరో కాదు. గుడివాడలో ఆవిడ చేపలు పోసే ఇళ్ళ వాళ్ళు చూశారో లేదో నాకెలా తెలుస్తుంది?

మళ్ళీ వచ్చిన రోజు ఆవిడ గంప దించకముందే మొదలుపెట్టింది.

"డాక్టరుగారి భార్య అడిగారమ్మా, మా హాల్లో ఆ నీలం రంగు ఎక్కడ దొరుకుద్దని. ఆళ్ళ మేడ మీద గదికి వేయిస్తారంట."

"చెప్పావా?"

"ఆలోచించుకుని చెప్తానన్నాను."

ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వి నవ్వి, పైట కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ అంది.

"చేప తాజాదేనా అని కాకుండా, ఆవిడగారు నన్ను అడిగిన మొదటి మాట ఇదేనమ్మా."