ఆడవాళ్ల వార్డు తలుపు దగ్గర

ఆ రోజు పొద్దున మా ఇంటామె విజయ కుట్టు మిషన్ ముందు కూర్చుని, ఎంతసేపటికీ మిషన్ నడపలేదు. ఏమని అడిగితే, పాదంతో తొక్కుతున్నాననే అనుకుంటున్నా గానీ చక్రం తిరగడం లేదంది. అంతకు ముందు వారం విరేచనాలతో నీరసపడి ఉంది. ఆ నీరసమే అనుకున్నాం. సాయంత్రం వీధి మెట్టు దిగుతూ పడిపోయింది. మడమ వాచింది.

మాది ఏర్పేడు. మా వైపు కాలు బెణికినా, చెయ్యి విరిగినా ముందు గుర్తొచ్చేది పుత్తూరు నాటువైద్యుల కట్టు. మరునాడే తీసుకెళ్లాను. వాళ్లు పట్టి చూసి, ఎముకకేమీ కాలేదని చెప్పి కట్టు కట్టి పంపారు. అందులో వాళ్ల తప్పు లేదు. పడిందని చెప్పాం గానీ, పడక ముందే పాదాలు తిమ్మిరెక్కాయని చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని మాకు తెలియదు. ఆ తర్వాత కాలు బరువుగా ఉందని ఆమె అన్నప్పుడల్లా కట్టు బరువేమో అన్నాను. రెండో కాలికి కట్టు లేదు, అదీ బరువెక్కింది. మోకాళ్లు, నడుము, ఆపై చేతులు. జడ వేసుకోవడానికి చేతులు పైకి లేవని రోజున ఆటోలో పడుకోబెట్టి తిరుపతిలోని ఒక పెద్దాసుపత్రికి తీసుకొచ్చాను.

డాక్టరు చిన్న సుత్తితో మోకాలి మీద తట్టారు. కాలు కదల్లేదు. "ఒక్క శ్వాసలో ఎంత వరకు లెక్కపెట్టగలవో చెప్పమ్మా" అన్నారు. విజయ ఇరవై దాటించింది. సాయంత్రం అదే అడిగితే పన్నెండు దగ్గర ఆగిపోయింది. నరాల పనితీరు చూసే నర్వ్ కండక్షన్ స్టడీ చేశారు, వెన్ను నుంచి నీరు తీశారు. గియాన్ బరే సిండ్రోమ్, జీబీఎస్ అన్నారు. "కరెంటు తీగ మీద రబ్బరు పోయినట్టు, నరాల మీది పూత దెబ్బతింది. మళ్లీ వస్తుంది. కానీ ఓపిక పట్టాలి" అన్నారు డాక్టరు. ఐవీఐజీ అనే మందు ఎక్కించడం మొదలుపెట్టారు. అది పూర్తికాక ముందే ఊపిరి అందక వెంటిలేటర్ మీదికి వెళ్లింది. గొంతుకు ట్రకియాస్టమీ చేసి, ఊపిరికి గొట్టం పెట్టారు. ఐసీయూ బయట గచ్చు మీద నేను గడిపిన రోజుల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. అక్కడ అందరూ అలాగే గడిపారు.

పత్రికలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఆసుపత్రుల మీద ఎన్నో వార్తలు రాశాను. ఆడవాళ్ల వార్డులో మగ తోడును ఉండనివ్వరన్న సంగతి మాత్రం, ఐసీయూ నుంచి విజయను వార్డుకు మార్చిన రోజున నా దాకా వచ్చాకే తెలిసింది. నిబంధన న్యాయమైనదే. లోపల గుడ్డలు మార్చుకోలేని ఆడవాళ్లు ఎందరో ఉంటారు. కానీ విజయ మెడ నిలవదు, చేతులు లేవవు. గంట గంటకూ పక్కకు తిప్పాలి, బెడ్‌ప్యాన్ పెట్టాలి, గొంతులో కఫం చేరితే సిస్టర్‌ను పిలవాలి. మాకు పిల్లలు లేరు. మా చెల్లెలు ఉండగలిగినన్నాళ్లు ఉండి, ఇంట్లో అత్తకు బాగాలేదని కబురొస్తే వెళ్లింది. విజయ అక్క మోకాళ్లు వంగని మనిషి. చెల్లెలు వెళ్లిన సాయంత్రం వార్డు తలుపు బయట నిలబడి, రేపటి నుంచి ఈమె దగ్గర ఎవరుంటారా అని ఆలోచిస్తున్నాను.

ఎదురుగా మగవాళ్ల వార్డు. దాని గోడకానుకుని కూర్చున్న ఒక బక్కపల్చటి ఆడమనిషి నన్ను చూస్తూ ఉంది. పేరు దేశమ్మ. చిత్తూరు అవతల పల్లె. భర్త మునస్వామి బెల్లం వండే మనిషి, భారీ ఒళ్లు. స్ట్రోక్ వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఆయన్ను తిప్పడం ఆమె వల్ల కాదు. తిప్పబోతే తానే మంచం మీద పడుతుందని పక్కవాళ్లు నవ్వుతున్నారట.

"లోపల ఎవరుండారన్నా?" అని అడిగింది. చెప్పాను. తలుపులోంచి విజయ మంచం వైపు చూసింది. తర్వాత అంది:

"నువ్వు మా ఆయప్ప కాడ ఉండన్నా. వదిన కాడ నేనుంటా."

అంతే ఒప్పందం. ఆ రోజు నుంచి ఆమె భర్త నా చేతుల్లో, నా భార్య ఆమె చేతుల్లో. నన్ను అన్నా అన్నందుకు మునస్వామి నాకు బావ వరస కలిపేశాడు. స్ట్రోక్‌తో మాట ముద్దగా వచ్చేది గానీ, ఎకసెక్కం మాత్రం చెడలేదు.

"మెల్లిగా తిప్పు బావా. పేపరు మడతపెట్టినట్టు మడతపెడతా ఉండావు నన్ను" అనేవాడు. గడ్డం గీస్తే, "ఈ మొగం మీ పేపర్లో వేస్తావా? ఊరికే గీకినావంటే ఒప్పుకోను" అనేవాడు. ఆయన ఒళ్లు తుడవడం, కాలు చాపి ముడవడం ఫిజియోథెరపిస్టు నేర్పితే నేర్చుకున్నాను. చెయ్యగా చెయ్యగా, బరువైన మనిషిని నడుం పట్టేయకుండా తిప్పడం వచ్చేసింది.

అవతల దేశమ్మ చేస్తున్నదేమిటో నాకు చూడనిచ్చే వేళల్లోనే కనిపించేది. విజయకు చిక్కుపడిన జుట్టు పాయలు పాయలుగా విడదీసి జడ వేసింది. వీపు మీద ఎర్రబారిన చోటు ముందుగా చూసి సిస్టర్‌కు చెప్పింది. గొంతు గొట్టం వల్ల విజయకు మాట రాని రోజుల్లో, అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు రెప్ప వెయ్యమని అలవాటు చేసింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు ఇవన్నీ చెయ్యమని.

విజయ బొటనవేలు కదిలింది. గొట్టం తీశాక గాలితో కలిసిన గొంతు ఒకటి వచ్చింది. డాక్టరు రౌండ్స్‌లో "గుడ్ రికవరీ" అన్నారు. ఆ వారంలోనే మునస్వామికి జ్వరం వచ్చింది. తాగిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటాయని, యాస్పిరేషన్ న్యుమోనియా అని చెప్పారు. యాంటీబయాటిక్ మార్చారు. ఐసీయూలో బెడ్ ఖాళీ అయితే మారుస్తామన్నారు.

బెడ్ కోసం ఎదురుచూస్తుండగానే ఒక రోజు పొద్దున రౌండ్స్ అయ్యాక మునస్వామి కాస్త తేరుకున్నట్టే కనిపించాడు. దేశమ్మ వచ్చి చూసి, నుదుటి మీద చెయ్యి వేసి, విజయ దగ్గరికి వెళ్లింది. ఆ రోజు విజయను మొదటిసారి మంచం అంచున కూర్చోబెడతామని ఫిజియోథెరపిస్టు చెప్పి ఉన్నారు. కాసేపటికి మునస్వామికి ఊపిరి ఎగదన్నడం మొదలైంది. ఆయన వేలికి పెట్టిన ఆక్సిజన్ క్లిప్ చూసి సిస్టర్ డాక్టరు కోసం పరుగెత్తింది. మునస్వామి నా మణికట్టు పట్టుకున్నాడు.

"దేశమ్మ యాడ?"

"విజయ కాడ ఉండాది. పిలుస్తా ఉండు" అని చెప్పి పరుగెత్తాను.

ఆడవాళ్ల వార్డు తలుపు తెరిచే ఉంది. విజయ మంచం అంచున, కాళ్లు కిందికి వేసి కూర్చుని ఉంది. అన్ని వారాల తర్వాత ఆమెను కూర్చోగా చూడటం అదే. మెడ ఇంకా నిలవక తల దేశమ్మ భుజం మీద ఉంది. దేశమ్మ రెండు చేతులూ ఆమె వీపు చుట్టూ ఉన్నాయి. ఫిజియోథెరపిస్టు కూర్చోబెట్టి ఇంకో వార్డుకు వెళ్లిపోయారు. సిస్టర్లు ఆ చివర ఎవరికో సెలైన్ ఎక్కిస్తున్నారు. పక్క మంచం చుట్టూ తెర కట్టి ఉంది, నేను లోపలికి వెళ్లకూడదు.

"దేశమ్మా, రా" అన్నాను. అంతకు మించి చెప్పలేదు. ఆమె నా మొహం చూసింది.

"వదినను పండబెట్టి వస్తానన్నా. నువ్వు పో, ఆయప్ప కాడుండు."

నేను వెనక్కి పరుగెత్తాను. ఆయన్ను ఒంటరిగా వదల్లేను. అవతల ఆమె చెయ్యాల్సింది చిన్న పని కాదు. తల పట్టుకుని మెల్లిగా దిండు మీద చేర్చాలి, కాళ్లు ఒకటొకటిగా పైకెత్తాలి, వీపు కింద దిండు పెట్టాలి. తొందరపడితే విజయ నేల మీద ఉండేది. దేశమ్మ తొందరపడలేదు. అన్నీ చేసి వచ్చింది. ఆమె వచ్చేసరికి మునస్వామి మంచం చుట్టూ డాక్టర్లు ఉన్నారు. గుండె మీద ఒత్తుతున్నారు. తర్వాత ఒత్తడం ఆపేశారు.

మధ్యాహ్నం వాళ్ల ఊరి మనుషులు బండి తెచ్చారు. బండి ఎక్కేముందు దేశమ్మ మళ్లీ ఆడవాళ్ల వార్డులోకి వెళ్లింది. పక్క మంచం పేషెంటు వాళ్ల అమ్మతో, "ఎడమ పక్క ఎక్కువసేపు పండబెట్టొద్దమ్మా, పుండు పడేట్టుండాది" అని చెప్పింది. విజయ దిండు సరిచేసింది. గొంతు వచ్చినా విజయ ఆమెను చూసి రెప్పలు వేస్తూనే ఉంది.

ఆ తర్వాత ఆ వార్డు ఆడవాళ్లే వంతులవారీగా విజయను చూసుకున్నారు. వీల్‌చెయిర్‌లో ఇంటికొచ్చింది. మధ్యలో ఒకసారి ఛాతీ ఇన్‌ఫెక్షన్‌తో మళ్లీ చేరాం. వాకర్, ఆపై చేతికర్ర. ఒక రోజు పళ్లు తోముకుంటూ విజయ అంది, "నన్ను కింద పడేసి పోయుండాల్సింది ఆ తల్లి." నేను చెంబుతో నీళ్లు అందించాను. 

చేతికర్రతో బస్సు మెట్లు ఎక్కగలిగిన రోజున దేశమ్మ ఊరికి వెళ్లాం. ఇంటి ముందు చెరుకు ఆకు ఎండేసి ఉంది. ఆమె మరింత చిక్కిపోయింది. లోపలికి రమ్మనలేదు, కూర్చోమనలేదు. వాకిట్లో నిలబెట్టే అడిగింది.

"నడువు వదినా, సూస్తా."

విజయ కర్ర నాకిచ్చి, కొళాయి దాకా నడిచి వెనక్కి వచ్చింది. "ఇంగోసారి" అంది దేశమ్మ. విజయ మళ్లీ నడిచింది. అప్పుడు దేశమ్మ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. అంతవరకూ ఆమె ఏడవడం నేను చూడలేదు. విజయ ఆమె పక్కనే కూర్చుంది. 

చాలాసేపటికి దేశమ్మ నన్ను అడిగింది, కడసారిగా మునస్వామి ఏమన్నా అన్నాడా అని.

"నువ్వు యాడ అని అడిగినాడు."

"వదిన కాడ ఉండానని చెప్పినావా?"

"చెప్పినానమ్మా."

"అయితే తెలుసులే ఆయప్పకు" అంది. పైకి లేచి, కాఫీ పెడతానని లోపలికి వెళ్లింది.

దేశమ్మ మళ్లీ ఆసుపత్రి గడప తొక్కలేదు. తొక్కమని మేమూ అడగలేదు. ఫోన్లో విజయ పాదాల తిమ్మిరి గురించి అడుగుతూ ఉంటుంది. ఆ తిమ్మిరి ఇంకా పూర్తిగా పోలేదు, పోకపోవచ్చనే డాక్టరు అన్నారు. విజయ మిషన్‌కు మోటారు పెట్టించుకుని జాకెట్లు కుడుతోంది. వారంలో రెండు రోజులు మేమిద్దరం అదే ఆసుపత్రికి వెళ్తాం. నేను మగవాళ్ల వార్డులో బరువైనవాళ్లను తిప్పుతాను, గడ్డాలు గీస్తాను. తోడున్నవాళ్లను స్నానం చేసి, తిని రమ్మంటాను. విజయకు బరువులు ఎత్తే శక్తి లేదు. అందుకే ఆడవాళ్ల వార్డు తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటుంది. ఊరికే కూర్చుందేమిటని కొత్త సిస్టర్లు అడుగుతుంటారు.

ఆసుపత్రిలో మీవాళ్లెవరైనా ఉంటే, పక్క మంచం వాళ్లతో వంతులు వేసుకోండి. అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ ఇద్దరితో ఆపకండి. మూడో మనిషిని ముందే చూసి పెట్టుకోండి. పరిచయం లేకపోయినా ఫర్వాలేదు, అడిగితే కాదనేవాళ్లు తక్కువ. తోడున్న మనిషికి తలుపు దగ్గర నుంచి పిలుపు వచ్చినప్పుడు, ఆమె చేతుల్లో ఉన్న మనిషిని తన చేతుల్లోకి తీసుకుని "నువ్వు పో" అనేవాళ్లు ఒకరుండాలి.