ఇరవై అడుగుల లోతుకు ఒక టార్చిలైటు

ప్రొద్దుటూరు హోటళ్లలో ఈ మధ్య కారం దోసెకు కారం తగ్గించారు. ఎందుకని అడిగితే, బయటి ఊళ్ల వాళ్లు తిని కన్నీళ్లు పెట్టుకుంటున్నారట. అందుకే కదా వాళ్లు అంత దూరం నుంచి వచ్చేది అని నా అభిప్రాయం. కానీ ఆ శుక్రవారం వాదించే తీరిక లేదు. ఎనిమిదిన్నరకు సగం కారంతో రెండు దోసెలు తిని లైటు కొనడానికి బయలుదేరాను. మామూలు లైటు కాదు, నీళ్లలో ఇరవై అడుగుల లోతున వెలగాల్సిన లైటు.

కొనమన్నది జయమ్మ టీచరు. నాలుగో తరగతిలో నాకు లెక్కలు చెప్పింది. ఆమె ఊరు గండికోట జలాశయంలో మునిగిపోయింది. ఖాళీ చేసేటప్పుడు అందరూ చేసిన పనే ఆమె కూడా చేసింది: తలుపులు, కిటికీలు, దూలాలు ఊడబీకి ట్రాక్టరుకెత్తించింది. చివరి ట్రిప్పులో ఒక్క వస్తువుకే చోటు మిగిలింది. టేకు తలుపా, భర్త సమాధి మీది పేరు రాయా? "రాయి యాడికి పోతాదమ్మా, రేపు తెద్దాం" అన్నారు మోసేవాళ్లు. తలుపెక్కింది. మర్నాటికి నీళ్లెక్కాయి. ఆ తలుపు జమ్మలమడుగు దగ్గరి పునరావాస కాలనీలో, తనకంటే చిన్నదైన గుమ్మం పక్కన, గోడకానుకుని నేటికీ నిలబడే ఉంది.

ఈ ఎండాకాలం నీళ్లు బాగా తగ్గాయి. రాయి పైకి తేవాలని టీచరు కాగితాలు పెట్టి అనుమతి తెచ్చుకుంది. గడువు ఆదివారం వరకే. ఆ తర్వాత పైనుంచి నీళ్లు వదులుతారట. దిగడానికి మహబూబ్ ఒప్పుకున్నాడు. జమ్మలమడుగు మనిషి, గల్ఫులో ఏడేళ్లు ఓడల అడుగుభాగాలు గీకి వచ్చినవాడు. ముసుగు, గాలి సిలిండరు అక్కడినుంచే తెచ్చుకున్నాడు. సిలిండరులో ఒక గంటకు సరిపడా గాలుంది. మళ్లీ నింపించాలంటే చెన్నై పోవాలి. లేనిదల్లా లైటు.

"వెలుతురు నీ సబ్జెక్టే కదరా, నువ్వు సూసి తే" అంది టీచరు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆ మాటకు పొంగిపోయాను. తర్వాత జరిగినదానికంతటికీ ఆ పొంగే మూలం.

తొమ్మిదిన్నరకు బజారులో ఒక ఎలక్ట్రికల్ దుకాణం తెరిచారు. గట్టి లైటు కావాలన్నాను.

"చేన్లో అడవి పందులకా సార్?" అన్నాడు ఓనరు.

"కాదు, నీళ్లలోకి."

"నీల్లల్లో యాడివి సార్ పందులు?"

విషయం చెప్పాక, బావుల్లో మోటార్లు దించేవాళ్లకు తెప్పించిన రకం ఒకటి తీశాడు. మూత దగ్గర రబ్బరు రింగు, మణికట్టుకు తాడు, తొడుగు వేసుకున్న చేత్తో కూడా తిప్పగలిగే స్విచ్చి, రెండు గంటల చార్జింగు. ఈ నాలుగూ సరిగ్గానే చూశాను. ఈ మాత్రం చెప్పుకోవాలి కదా. "అన్నింటికంటే ఎక్కువ వెలుతురొచ్చేది ఇదేనా?" అని అడిగాను. ఓనరు దాన్ని బకెట్లో ముంచి వెలిగించాడు. అడుగున ఉన్న గీతలు లెక్కపెట్టొచ్చు. రెండువేల ఎనిమిది వందలిచ్చి, పదకొండు గంటల బస్సులో జమ్మలమడుగు చేరాను.

మూడింటికి ముగ్గురం పుట్టిలో, బుట్టలాంటి ఆ గుండ్రటి పడవలో, నీళ్లమీదికి పోయాం. మునిగిన చర్చి గంట స్తంభం కొన మూరెడు బయటికి కనిపిస్తోంది. టీచరు దాన్ని చూసి, తూర్పుకు ఎన్ని అడుగులో చెప్పింది. నడిచిన దారి కాబట్టి తడుముకోలేదు. మహబూబ్ దిగాడు. అరగంట తర్వాత ఉత్త చేతులతో తేలాడు.

"ఏంది సార్ ఇది, పెండ్లి వీడియో లైటు తెచ్చినావు! కండ్ల ముందర తెల్లగోడ కట్టినట్టుండాది. నా చెయ్యి నాకే కనపడల్యా."

వెడల్పుగా పరుచుకునే వెలుతురు నీళ్లలోని ప్రతి బురద రేణువుకూ తగిలి తిరిగి కళ్లలోనే పడుతుంది. మంచులో కారు హెడ్‌లైటు పనిచేయనిది ఇందుకే. ఏటా బోర్డుమీద రంగు సుద్దలతో బొమ్మ గీసి మరీ చెప్పే పాఠం. దుకాణంలో మాత్రం గుర్తురాలేదు. సిలిండరులో సగం గాలి అయిపోయింది.  నాలుగో తరగతిలోనైతే టీచరు స్కేలు తీసేది.

గల్ఫులో తనతో పనిచేసిన ఖాదర్ పులివెందులలో ఉన్నాడని, అతని దగ్గర అసలైన డైవింగు లైటు ఉందని మహబూబ్ చెప్పాడు. శనివారం ఆరున్నరకు జమ్మలమడుగులో బస్సెక్కి ముద్దనూరులో దిగి, ఉగ్గాని తిని, ఎనిమిదింటికి పులివెందుల బస్సు పట్టుకున్నాను. కిటికీలోంచి థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తున్నాయి. పక్క సీటు పెద్దాయన నా ఒళ్లోని లైటు పెట్టెను చాలాసేపు చదివాడు.

"ఏందబ్బీ, ఇన్ని పొగగొట్టాల పక్కన లైటు ఎత్తుకోని తిరుగుతాండావు? కరెంటు మీద నమ్మకం ల్యాకనా?"

"నా మీద నాకు లేక."

"అట్లయితే ఇంగో రెండు కొనుక్కో" అని ఆయన కళ్లు మూసుకున్నాడు.

తొమ్మిదిన్నరకు పులివెందుల. ఖాదర్ ఇప్పుడు అరటితోట చేస్తున్నాడు. నా లైటును అటూ ఇటూ తిప్పి, "దేంట్లో పెట్టి సూసినావు సార్?" అన్నాడు.

"బకెట్లో."

"తాగే నీల్లా?"

"అవును."

ఆయన ఇంట్లోకి కేకేసి చెంబెడు మజ్జిగ తెమ్మన్నాడు. నాకే అనుకుని చేయి చాచాను. ఆయన తీసుకుపోయి బకెట్ నీళ్లలో కుమ్మరించాడు. గదిలో తలుపు మూసి నా లైటు ముంచితే బకెట్టంతా తెల్లగా మెరిసింది, అడుగు లేదు. తన లైటు ముంచాడు. నాదానికంటే చిన్నది, వెలుతురు తక్కువ. కానీ కాంతి సన్నగా, పెన్సిలంత గీతగా పోయి అడుగున రూపాయంత చోట ఆగింది.

"ఎంత ఎలుగుతాదని కాదు సార్. నువ్వు దిగే నీల్లల్లో పెట్టి సూడాల. ఇది పక్కనించి, చెయ్యి సాచి పట్టుకోవాల. కండ్ల దగ్గర పెట్టుకోకూడదు. యాల ఈ తిప్పలన్నీ?"

చెప్పాను. ఆయన తన లైటు చేతిలోకి తీసుకున్నాడు. రబ్బరు రింగు తీసి తుడిచి, గ్రీజు రాసి మళ్లీ వేశాడు. డబ్బు తీస్తే చేయి అడ్డం పెట్టాడు.

"దుడ్లు వద్దు. వాపస్ తెచ్చియ్యి సాలు. ఆ మాట ముందే చెప్పింటే మజ్జిగన్నా తాగనిచ్చేటోన్ని కదప్పా."

ఆదివారం ఉదయం ఏడింటికి మళ్లీ అదే పుట్టి, అదే స్తంభం. మహబూబ్ చేయి పక్కకు చాచి సన్నటి వెలుతురుతో దిగిపోయాడు. బుడగలు వచ్చే చోటు నుంచి టీచరు చూపు తిప్పలేదు. చాపమీద ఒక పాత దుప్పటి పరిచి ఉంచింది, రాయి చుట్టడానికి. ఇరవై ఎనిమిదో నిమిషంలో అతను తేలాడు. రాయికి కట్టాల్సిన తాడు కొస చేతిలోనే ఉంది.

"దొరికిందమ్మా. ఎల్లకిలా పడుండాది. బురద తుడిచి సదివినా. సిలువ ఉండాది, సారు పేరుండాది, కాంపౌండరు అని ఉండాది. కింద సగం మాత్రం నున్నగుంది, ఏం ల్యా. నీల్లకు అరిగిపోయినట్టుంది."

"అరగలేదప్పా" అంది టీచరు. "అది నా పేరుకు ఇడిచింది."

మహబూబ్ ముసుగును చేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు. "రాయి కిందికి చెయ్యి దూరల్యామ్మా, తాడు యాడ కట్టేది? ఇంగో అర్ధగంట గాలి ఉంటే బురద తోడేటోన్ని."

ఆ అరగంట ఏమైందో ముగ్గురికీ తెలుసు. ఎవరూ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

టీచరు దుప్పటి మడిచింది. అంచుకు అంచు కలిపి, నాలుగు మడతలు.

పదింటికి జమ్మలమడుగు బస్సు దొరికింది. ఆమెను కాలనీ దగ్గర దించి, నేను ప్రొద్దుటూరు పోవాలి. ఖాదర్ లైటు మళ్లీ వారం తిరిగిచ్చి రావాలి. ఇలాంటి పనిమీద ఎవరైనా బయలుదేరితే నేను చెప్పగలిగింది ఇంతే: వెలుతురు ఎంత అని అడగకండి, ఏ నీళ్లకు అని అడగండి. బకెట్‌ను నమ్మకండి. చెంబెడు మజ్జిగ వెంట తీసుకుపోండి. ఇది తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు, మూడు బస్సులు, ఇంకొకరి అరగంట గాలి పట్టింది.

టీచరు కిటికీ పక్కన కూర్చుంది, దుప్పటి ఒళ్లో పెట్టుకుని.  ఏదో ఒకటి అనాలనిపించి అన్నాను:

"రాయి ఎక్కడుందో తెలిసింది కదా టీచర్. లైటు సంగతీ తెలిసింది. వచ్చే ఎండాకాలం నిండు సిలిండరుతో దిగి పైకి తెచ్చేద్దాం."

ఆమె నా వైపు తిరిగింది. లెక్క తప్పు చేసిన పలకను చూసినట్టు చూసింది.

"వచ్చే ఎండాకాలానికి నేనుంటానని నీకెవురు చెప్పినార్రా?"